అల్మారీ తాళంచెవి

మాది కందకుర్తి అని చెప్తే ఎదుటివాళ్ళు రెండిట్లో ఒక మాట అంటారు. "గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు గదా, పుష్కరాలకు వచ్చినం" అంటారు. లేకుంటే మా పేరు విని, మా మొహంలోకి ఓ క్షణం చూసి, "హెడ్గేవార్ పూర్వీకుల ఊరు గదా" అంటారు. రెండూ నిజమే. 1925లో నాగపూర్‌లో సంఘ్‌ని స్థాపించిన కేశవ్ బలిరాం హెడ్గేవార్ తాతముత్తాతలు మా ఊరి నుంచి వలసపోయినవాళ్ళే. ఆయన పేరు మీద ఊళ్ళో స్మారకం ఉంది, బడి ఉంది. ఆ బడిలో మా పిల్లలు కూడా కూర్చుని చదువుకున్నారు. ఈ మాట చెప్తే ఇటువాళ్ళూ నమ్మరు, అటువాళ్ళూ నమ్మరు. దగ్గర్లో ఏ బడి ఉంటే ఆ బడికి పంపింది మా అమ్మీలు. ఎండలో నడిచేది పిల్లలు గదా, సిద్ధాంతాలు కాదు గదా.

కానీ ఊరి గురించి ఎవరు ఏం రాసినా నదులుంటాయి, గుళ్ళుంటాయి, ఆ మహానుభావుడి ఇల్లు ఉంటుంది. అదే ఊళ్ళో ఫజర్ అజాన్ కూడా వినిపిస్తుందనీ, పొద్దున్నే అలిఫ్ బే చదివి, ఇంటికొచ్చి ఇంత చాయ్‌లో రొట్టె ముంచుకు తిని, అఆలు దిద్దడానికి పరిగెత్తే పిల్లలున్నారనీ రాయరు. రాయకపోతే ఏం పోయింది అనొచ్చు మీరు. పెద్దవాళ్ళకు ఏం పోదు. మేం అలవాటుపడ్డాం. పిల్లలకు పోతుంది.

ఇక్కడ మేం రాయాలనుకున్నది పిల్లల చేతికి పుస్తకం ఇచ్చే మనిషి గురించి. బడి పంతులు గురించి చాలామంది రాశారు, మదర్సా మౌల్వీ గురించి ఇంకా ఎక్కువ రాశారు, ఎక్కువగా తిట్టడానికే రాశారు. సర్కారు లైబ్రరీలో కూర్చునే మనిషి గురించి ఎవరూ రాయలేదు. మా పిల్లల జీవితాల్లోకి పరీక్ష పెట్టకుండా, పాఠం అప్పజెప్పమనకుండా అక్షరం పంపగలిగినవాడు ఆ ఒక్కడే.

మాకు తెలిసిన మొదటి లైబ్రేరియన్ కాపలాదారు. ఏ ఊరి లైబ్రరీయో చెప్పం, అవసరం లేదు. బల్ల మీద పేపర్లు, చుట్టూ మగాళ్ళు, గోడకు ఆనించి తాళం వేసిన అల్మారీ. అద్దంలోంచి బొమ్మల పుస్తకాల వీపులు కనిపించేవి. తాళంచెవి ఆయన జంధ్యానికో, మొలతాడుకో కట్టి ఉండేదని మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన చెడ్డవాడేం కాదు. పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే, లెక్క తప్పితే జీతంలో కోత పడుతుందన్న భయం ఆయనది. పిల్లలంటే చింపేవాళ్ళు, తడి చేతులవాళ్ళు. అందులో మేం ఇంకో రకం. మాలో ఒకడు ధైర్యం చేసి తెలుగు కథల పుస్తకం అడిగితే, ఆయన తలెత్తకుండానే వేలు చూపించాడు: "మీ పేపర్ ఆ బల్ల మీదుంది." ఆ బల్ల మీద ఉర్దూ అఖ్బార్ ఉంది. ఆ పిల్లగాడికి ఉర్దూ చదవడం రాదు. వాడు ఉర్దూ పేపరు ముందు పది నిమిషాలు కూర్చుని, బొమ్మలు చూసి, లేచి వచ్చాడు. లేవగానే రావడం మర్యాద కాదనుకున్నాడట.

ఆ పది నిమిషాల గురించి మేం చాలా ఆలోచించాం. మా ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ. "నక్కో, హౌ" అనే భాష. మసీదులో చదివేది అరబ్బీ, అర్థం తెలియకుండా. బడిలో తెలుగు. వంతెన దాటితే ధర్మాబాద్, అంతా మరాఠీ. ఇన్ని భాషల మధ్య పుట్టిన పిల్లకు ఏ భాష పుస్తకం ఇవ్వాలో ఎట్లా తెలుస్తుంది? అడిగితే తెలుస్తుంది. "ఏం చదువుతవ్ బేటా?" అని అడగడమే పిల్లల లైబ్రేరియన్ పనిలో సగం. మిగతా సగం, వాళ్ళు చెప్పింది వినడం.

మన దగ్గర గ్రంథాలయాల చరిత్ర చాలా ఘనంగా చెప్తారు. ఘనమైనదే. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన్నీ, దాశరథినీ నిజాం సర్కారు బంధించింది మా నిజామాబాద్ జైల్లోనే. తెలుగులో చదవడమే ఒక తిరుగుబాటైన రోజులవి. మేం ఆ చరిత్రను గౌరవిస్తాం. కానీ ఆ కథ చెప్పే ప్రతిసారీ మమ్మల్ని ఎక్కడో ఒకచోట నిలబెడతారు చూడండి, సర్కారు పక్కన, దర్వాజా దగ్గర, లాఠీ చేతిలో పట్టుకున్నవాడి వెనక. మా తాతలు కౌలు చేశారు, బండ్లు తోలారు, మంజీర కాలువల కింద చెరుకు నరికారు. వాళ్ళకు ఉర్దూ కూడా సరిగా చదవడం రాదు. నిజాం తెరిచిన అసఫియా లైబ్రరీ 1891 నుంచి ఉంది, అఫ్జల్‌గంజ్‌లో ఆ పెద్ద భవనం 1936లో లేచింది. ఒకప్పుడు అందులో ఉన్న అరబ్బీ, ఫారసీ వ్రాతప్రతులు మా వారసత్వమని చెప్తారు. మా తాతలు ఆ మెట్లెక్కలేదు. అక్కడా మేం లేం, ఇక్కడా మేం లేం.

1948 తర్వాత ఇంకోటి జరిగింది. అప్పటిదాకా ఉర్దూ నాలుగు ముక్కలు వచ్చినవాడు చదువుకున్నవాడు. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్ళకే వాడు చదువు రానివాడైపోయాడు. పక్కనున్న నాందేడ్ జిల్లాలో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ నివేదికలో ఉంది. మా ఇళ్ళల్లో అది కాగితం మీద లేదు, పెద్దవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయే చోట ఉంది. ఆ భయంలో కొందరు పిల్లల్ని తెలుగు బడికి పంపారు, కొందరు పౌరుషంగా ఉర్దూ బడికే పంపారు. ఒకే ఇంట్లో అన్న చదివిన పుస్తకం తమ్ముడు చదవలేడు. ఇట్లాంటి ఇంటికి లైబ్రరీ అంటే ఏం కావాలో ఆలోచించినవాళ్ళు ఎవరు?

1955లో హైదరాబాద్ గ్రంథాలయ చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఈ సంగతి మా వాళ్ళలో నూటికి ఒక్కరికి కూడా తెలియదు. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలీలోంచి ఇంటి పన్ను కట్టే మా అమ్మీ, ఆ అల్మారీలోని బొమ్మల పుస్తకానికి కూడా కట్టింది. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సెస్సు సంస్థలకు జమ చెయ్యకుండా బకాయి పెట్టడం ఎప్పటినుంచో ఉన్న రోగం. అది వేరే వ్యాసం.

పుస్తకాలు ఎంచేది పైన. ఊళ్ళో లైబ్రేరియన్‌కు కట్టలు కట్టలుగా వస్తాయి, ఆయన విప్పుతాడు, నెంబరు వేస్తాడు, అద్దం వెనక పెడతాడు. "మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది సాయిబుల పిల్లలు, వాళ్ళకు పనికొచ్చేవి పంపండి" అని అడిగే దారి ఆయనకు లేదు, అడగాలనే ఆలోచన కూడా చాలామందికి రాలేదు.

ఇక ఆ పుస్తకాల్లో ఏముంది? తెలుగు కథల్లో మాలాంటివాడు వస్తే బాగ్దాద్ వర్తకుడై వస్తాడు, లేదా దండెత్తి వచ్చినవాడై వస్తాడు. ఒంటె మీదో, గుర్రం మీదో వస్తాడు తప్ప బోధన్ బస్సులో రాడు. ఉర్దూ పుస్తకాల్లో పిల్లలు మావాళ్ళే, సలాం చేస్తారు, ఈద్‌కు కొత్త బట్టలేసుకుంటారు, కానీ వాళ్ళు ఢిల్లీలోనో లఖ్నవూలోనో ఉంటారు. వాళ్ళ ఊరికి గోదావరి రాదు. వాళ్ళు దక్కనీ మాట్లాడరు, వాళ్ళ అమ్మీ బీడీలు చుట్టదు. ఉర్దూ పుస్తకంలో మా మతం ఉంది, మా ఊరు లేదు. తెలుగు పుస్తకంలో మా ఊరుంది, మేం లేం. నవ్వొచ్చే సంగతేమంటే, మా పేర్లకు దగ్గరి పేర్లున్న పల్లెటూరి పిల్లలు తెలుగు అక్షరాల్లో మాకు మొదట దొరికింది మాస్కోలో అచ్చయిన పుస్తకాల్లో. ఐత్‌మాతోవ్ రాసిన 'తొలి ఉపాధ్యాయుడు'లో కిర్గిజ్ పిల్లలు. వాళ్ళ ఊరు మా ఊరికి ఎన్ని వేల మైళ్ళో! 1991తో ఆ పుస్తకాల రాక కూడా ఆగింది.

ఈ బాధ మాకొక్కరికే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దంలో చాలా లైబ్రరీలు పిల్లల్ని గడప తొక్కనిచ్చేవి కావు. 1906లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పిల్లల పని చూడ్డానికి ఆన్ కరోల్ మూర్ అనే ఆమెను పెట్టింది. కథలు చెప్పడం, పిల్లలే పుస్తకం ఎంచుకోవడం, ఇంటికి తీసుకుపోనివ్వడం, ఇవన్నీ లైబ్రేరియన్ పనులుగా అక్కడ స్థిరపడ్డాయి. అంతవరకు బాగానే ఉంది. మాకు ఆమె కన్నా, ఆమె తర్వాత వచ్చిన ఇద్దరి కథ ముఖ్యం.

పురా బెల్‌ప్రే ప్యూర్టోరికో ద్వీపం నుంచి వచ్చిన నల్లపిల్ల. 1921లో హార్లెంలోని లైబ్రరీ శాఖలో పనికి చేరింది. అల్మారీలన్నీ వెతికింది. తన నానీ చెప్పిన కథ ఒక్కటి లేదు. ఊరుకోలేదు. తనే చెప్పింది, స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ, తోలుబొమ్మలాటల్లాగా బొమ్మలు పెట్టి కూడా. ఒక బొద్దింక, ఒక చిట్టెలుక పెళ్ళి కథ 1932లో పుస్తకమైంది. లైబ్రరీ మనకు కాదు అనుకునే తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. 1937లో అదే శాఖకు అగస్టా బేకర్ వచ్చింది. నల్లవాళ్ళ పిల్లలకు ఇవ్వదగ్గ పుస్తకాల కోసం చూస్తే, ఉన్నవాటిలో నల్లవాడంటే వెక్కిరింత బొమ్మ. ఆమె ఏరింది. వెక్కిరించేవాటిని పక్కన పెట్టి, మనిషిని మనిషిలా చూపేవాటిని 1939 నుంచి ఒక ప్రత్యేక సేకరణగా పెట్టింది. 1946లో వాటి జాబితా అచ్చేయించింది. ప్రచురణకర్తల ముందు కూర్చుని మాకు ఇట్లాంటివి కావాలి, అట్లాంటివి వద్దు అని చెప్పింది. అంటే అల్మారీకి కాపలా కాసే మనిషి, అల్మారీలో ఏముండాలో అడిగే మనిషిగా మారింది. మారింది అనడం కంటే మార్చుకుంది అనాలి, ఆ ఉద్యోగాన్ని.

మా వైపు కూడా పుస్తకాలు లేకుండా పోలేదు. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' వచ్చినప్పుడు మేం ఎంత సంతోషపడ్డామో! నెల్లూరు జిల్లా మాటలు మాకు కొత్త, ఆ ఇల్లు మాత్రం మాదే. 2008లో అన్వేషి సంస్థ పిల్లల కోసం వేరే రకం కథలు బొమ్మలతో తెచ్చింది. దళిత పిల్లలు, ముస్లిం పిల్లలు, తలకాయ కూర వండుకునే ఇళ్ళు అందులో ఉన్నాయి. ఇవి ఎన్ని ఊళ్ళ లైబ్రరీల అల్మారీల్లోకి చేరాయి? మేం తిరిగిన చోట్ల మాకు కనపడలేదు. ఉర్దూలో 2013 నుంచి 'బచ్చోఁ కీ దునియా' అనే పత్రిక జాతీయ ఉర్దూ మండలి వేస్తోంది, రంగురంగులుగా బాగుంటుంది. అదీ అంతే, తెలిసినవాడు చెప్పి తెప్పిస్తే వస్తుంది. పుస్తకం పుట్టడం ఒక ఎత్తు, పిల్ల చేతికి రావడం ఇంకో ఎత్తు. ఆ మధ్యలో ఒక మనిషి కావాలి.

ఇప్పుడు లైబ్రరీల్లో ఆ మనిషి పని మళ్ళీ మారింది. తెలంగాణ వచ్చాక నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలతో రీడింగు హాళ్ళు నిండిపోయాయి. 2022 మార్చిలో 80,039 ఉద్యోగాలు నింపుతామని అసెంబ్లీలో ప్రకటించినప్పుడైతే కూర్చునే చోటు కోసం తగవులు. మేం వాళ్ళని తప్పు పట్టం. వాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక శక్కర్‌నగర్ నుంచి చెల్లాచెదురైన ఇళ్ళ పిల్లలు, గల్ఫ్‌కు పోను, ఇక్కడే ఉంటా అని పట్టుబట్టినవాళ్ళు. కానీ లైబ్రేరియన్ పోటీ పరీక్షల హాలుకు పర్యవేక్షకుడయ్యాడు. "సద్దు చెయ్యొద్దు, అన్నలు చదువుకుంటుండ్రు" అని పదేళ్ళ పిల్లల్ని బయటికి పంపుతున్నాడు. పూర్వం చింపుతారని పంపారు, ఇప్పుడు సద్దు చేస్తారని పంపుతున్నారు. పిల్లల కథల అల్మారీ ముందర జనరల్ స్టడీస్ పుస్తకాల కట్టలు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మొదటి రోజు బాలల దినం కాబట్టి పిల్లల్ని వరసగా తెస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు, బహుమతిగా ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. పుస్తకం ఇవ్వొచ్చు గదా అని మాకు ప్రతి ఏడాదీ అనిపిస్తుంది.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పన్నెండేళ్ళు వచ్చాక మా పిల్ల లైబ్రరీకి పోదు. అబ్బా వద్దంటాడని అందరూ అనుకుంటారు. అబ్బా దుబాయిలో ఉన్నాడు, ఆయన్ను ఎవరూ అడగలేదు. బల్ల చుట్టూ మగాళ్ళు, బుర్ఖా చూసి ఒకసారి ఆగే చూపులు, దాంతో పిల్లే మానేస్తుంది. ఇంట్లో కూర్చుని ఆకు కత్తిరిస్తుంది, దారం చుడుతుంది. ఆ పిల్లే మళ్ళీ ఇంటికి చదివి పెట్టే మనిషి. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, బీడీ పీఎఫ్ కాగితం, అన్నీ అదే చదవాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా గల్లీల్లో ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు దీపం దగ్గర పెట్టుకుని అమ్మీల, నానీల కాగితాలు చదివారు. ఒక కాగితంలో మహబూబ్ బీ, ఒకదాంట్లో మాబూబి, ఇంకోదాంట్లో మైబమ్మ. ఒకే మనిషి. ఎవరు రాశారు ఇట్లా? మా పేరు మమ్మల్ని అడగకుండా రాసిన గుమాస్తాలు రాశారు. ఆ రాత్రుళ్ళు మా పిల్లలు చదివిన చదువు ఏ సిలబస్‌లోనూ లేదు.

క్యూబాలో చుట్టల ఫ్యాక్టరీల్లో 1865 నుంచి ఒక ఆచారం ఉందట. కార్మికులు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తుగా కూర్చుని నవలో, పేపరో పైకి చదువుతారు. కేరళ దినేశ్ బీడీ సహకార సంఘం షెడ్లలో కూడా పేపరు చదివి వినిపించేవాళ్ళు. మా జిల్లాలో బీడీలు షెడ్లలో కాదు, ఇళ్ళల్లో చుడతారు. ఎవరి చాట వాళ్ళది, ఎవరి వాకిలి వాళ్ళది. అందుకే మాకు చదివి వినిపించేవాడు రాలేదు. మా నానీలే ఆ పని చేశారు, పుస్తకం లేకుండా. జిన్నుల కథలు, అమ్రూ అయ్యార్ కథలు, గోదావరి వరదలో కొట్టుకొచ్చిన సందూక్ కథ. చేతులు బీడీ చుడుతూనే ఉంటాయి, నోరు కథ చెప్తూనే ఉంటుంది. కథలో గుర్రం ఆగితే కట్ట పూర్తయినట్టు లెక్క.

ఔరంగాబాదులో 2021 నుంచి మొహల్లా లైబ్రరీలు పెడుతున్నారు. మొదలుపెట్టింది బడికి పోయే ఒక ఆడపిల్ల. పిల్లలే పుస్తకాలు పంచుతారు, పిల్లలే లెక్క రాస్తారు. ఊరంత భవనం అక్కర్లేదు, ఒక అరుగు చాలు అని వాళ్ళు చేసి చూపించారు. మా వాళ్ళు కొందరు వెళ్ళి చూసి వచ్చారు.

మా వైపు ఒక ఊళ్ళో, పేరు చెప్తే ఆమెకు పైనుంచి ఏం చిక్కు వస్తుందో అని చెప్పడం లేదు, లైబ్రరీకి ఒక అక్క వచ్చింది. మావాళ్ళు కాదు. జీతం అంతంతమాత్రం, అదీ నెలనెలా రాదు. ఆమె మొదటి రోజే అల్మారీ తాళం తీసి, తాళంచెవి గోడకు మేకుకు తగిలించింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడుదాకా ఆడవాళ్ళకూ పిల్లలకూ అని అట్టముక్క మీద రాసి పెట్టింది. మగాళ్ళు గొణిగారు, తర్వాత మానేశారు. సభ్యత్వం రాసేటప్పుడు పిల్లల్ని "నీ పేరు ఎట్ల రాయాలె?" అని అడుగుతుంది. మా పిల్ల ఒకతి చాలాసేపు ఆలోచించి, పెన్ను తీసుకుని, రిజిస్టర్లో తనే రాసింది. తెలుగులో ఒకసారి, పక్కనే ఉర్దూలో ఒకసారి. రిజిస్టర్లో అట్లా రెండు లిపులు ఉండొచ్చా అని పైనుంచి తనిఖీకి వచ్చిన ఆయన అడిగాడట. "పేరు తప్పు లేదు గదా సార్" అందట అక్క.

ఎండాకాలం సెలవుల్లో ఆమె ఇంకో పని చేసింది. మా ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, "నానీ, మీరొచ్చి ఒక కథ చెప్పండి, నేను తెలుగులో చెప్తా" అంది. నానీ నవ్వింది. "మై అన్‌పడ్ హూఁ బేటీ, మేరెకు క్యా ఆతా" అంది. చదువు రానిదాన్ని, నాకేం వస్తుంది అని. మూడు రోజులు అడిగితే నాలుగో రోజు వచ్చింది, చాట వెంట తెచ్చుకునే. లైబ్రరీ గడప దాటడం డెబ్భై ఏళ్ళలో అదే మొదటిసారి. చాప మీద పదిహేనుమంది పిల్లలు. మన పిల్లలు, గౌండ్ల పిల్లలు, మాదిగ పిల్లలు, ఇద్దరు కోమటోళ్ళ పిల్లలు. నానీ దక్కనీలో ఒక ముక్క చెప్తుంది, అక్క తెలుగులో ఒక ముక్క చెప్తుంది. మధ్యలో దక్కనీ వచ్చిన పిల్లలు అక్కను సరిదిద్దుతున్నారు, "అట్ల కాదక్కా, సందూక్ అంటే పెట్టె, బండి కాదు" అని. గోదావరి పొంగింది, సందూక్ కందకుర్తి ఒడ్డుకు తగిలింది, మూత సగం తెరుచుకుంది. అప్పుడే నానీ లేచి నిలబడింది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే టైం అయింది, ఆలస్యమైతే కట్టలు వాపసు చేస్తారు. "సందూక్‌లో ఏముంది నానీ?" అని పిల్లలు చాట పట్టుకుని ఆపారు. "కల్ బోల్తూఁ" అంది.